ఏ హాజరుపట్టీలోనూ లేని పేరు

గోథెన్‌బర్గ్, ఫిబ్రవరి 9

నా మాయ్‌లిస్‌కి,

ఈ ఉత్తరం పదకొండేళ్ల కిందటే రాయాల్సింది. అప్పుడు ధైర్యం చాలలేదు. ఇప్పుడు భయం రాయిస్తోంది.

రైల్వే యార్డు ఉద్యోగం మానేశాక నేను సరుకు రవాణా పాఠాలు చెబుతున్నానని నీకు తెలుసుగా. మా యూనివర్సిటీ, బెల్జియంలో ఒకటి, జర్మనీలో ఒకటి కలిసి ఆన్‌లైన్లో నడిపే కోర్సు. తెరమీద ముప్పై గడులు. ఒకటి మాత్రం ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. దాని కింద పేరు టూరే ఎక్లుండ్. చనిపోయిన మీ ఆయన పేరేనే!

బెల్జియం విద్యార్థేమో అనుకున్నాను. వాళ్లు జర్మనీవాడనుకున్నారట, జర్మనీవాళ్లు మావాడనుకున్నారట. మొన్న మూడు హాజరుపట్టీలూ కలిపి చూస్తే ఎందులోనూ లేడు.

ప్రతి గురువారం అదే ప్రశ్న రాస్తాడు. బ్రేకులు సరిగా ఉన్నాయని ఇచ్చే చీటీ మీద సంతకం పెట్టేవాళ్లు గూడ్సుబండి పొడవునా నడిచి చూడాలా అని. నడవాలి అని చెబుతూ వచ్చాను. నిన్న ప్రశ్న మారింది.

"ఆ రోజు నువ్వు నడిచావా?"

నడవలేదే. మోకాళ్లదాకా మంచు. గదిలో కాఫీ తాగుతూ సంతకం గీకేశాను. చివరి వ్యాగన్లకు బ్రేకు పట్టలేదు, అవి వెనక్కి జారి టూరేని నలిపేశాయి. విచారణలో మాత్రం, బ్రేకులు తనే చూశానని టూరే నాతో అన్నాడని అబద్ధమాడాను. పోయినవాడు కాదనలేడుగా. ఆ నోటితోనే నిన్ను ఓదార్చాను, సిగ్గులేనిదాన్ని.

నీ జవాబు వచ్చాక పోలీసుల దగ్గరికి వెళ్తాను.

క్షమించమని అడగలేని
యోర్డిస్

హాల్స్‌బర్గ్, ఫిబ్రవరి 13

యోర్డిస్,

ఆ నల్లగడి నేను. తప్పు ఆయనదేనా అని తెలుసుకుందామని ఆయన పేరుతో చేరాను. నువ్వెవరని మూడుచోట్లా ఒక్కరూ అడగలేదు. నడవాలి అన్నప్పుడల్లా నీ గొంతు తడబడేది, అందుకే మళ్లీ మళ్లీ అడిగాను.

మా అమ్మాయి పదకొండేళ్లుగా తండ్రి ఊసెత్తనివ్వదు, ఒళ్లు దగ్గర పెట్టుకోక చచ్చాడంటుంది. నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. ఇద్దరం పొద్దెక్కేదాకా ఏడ్చాం. నీమీద కోపం ఇంకా రాలేదు, వస్తుంది.

ఒక్కమాట. పోయిన గురువారం నాకు జ్వరం. కంప్యూటర్ తెరవనేలేదు. ఆ చివరి ప్రశ్న నాది కాదు.

పోలీసుల దగ్గరికి వెళ్లు. కానీ ముందు ఈ గురువారం పాఠం మానకు. అడిగినవాడికి అందరి ముందూ జవాబు చెప్పు. నేనిక ఆ క్లాసులోకి రాను. గడి నల్లగా కనబడితే, ఆయనే అనుకో.

మాయ్‌లిస్