కలలో అందిన నాడి

నాన్నా,

ఫస్టు బస్సుకి కాలేజీకి వెళ్లిపోతున్నాను. రాత్రి చేపల చెరువు కాపలా నుంచి రాగానే అన్నం తిను. నిన్నటి చేపల పులుసు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. దండెం మీద ఆరేసినవి నేను కట్లు కట్టడం నేర్చుకునే గుడ్డలు. వాటితో మళ్లీ పడవ ఇంజను తుడిచెయ్యకు.

రేవులో అందరికీ "మా అమ్మాయి నర్సు చదువుతోందండీ" అని చెప్పకు. నర్సులు ఆసుపత్రిలో ఉంటారు, నేను దారిలో ఉంటాను. పారామెడిక్ అను. నోరు తిరగకపోతే అంబులెన్సు చదువు అను.

తెల్లారుజామున కలొచ్చింది. మన పడవ మీద అంబులెన్సు లైటు తిరుగుతోంది, గోదారంతా నీలంగా మెరుస్తోంది. నువ్వు తెడ్డు వేస్తున్నావు. పడవలో పడుకున్న మనిషి చెయ్యి పట్టుకుని నేను నాడి చూస్తున్నాను. మంచులో మొహం కనపడలేదు. ఒడ్డు ఎంతకీ రాదు, అయినా హాయిగానే ఉంది.

సత్యవేణి

ఇది రాయకూడదనుకున్నాను. మొన్న పగలు నువ్వు నిద్రపోతుంటే ప్రాక్టీసుకని నీ నాడి చూశాను. మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పిపోతోంది. కలలో ఆ చేతి నాడీ అచ్చం అలాగే తప్పింది. తిన్నాక పడుకోకు, అమలాపురం వెళ్లి గుండె పరీక్ష చేయించుకో. ఆ పడవలో నువ్వు తెడ్డు దగ్గరే ఉండాలి నాన్నా.