మంచు పడ్డాక చెప్పే కథ

స్టోన్ లేక్, విస్కాన్సిన్
నవంబరు 21

చిరంజీవి మార్లీస్‌కు తాతయ్య విర్జిల్ దీవించి రాయునది. ఇక్కడ నేను తింటున్నాను, పడుకుంటున్నాను. మిల్వాకీలో నీ ఒంట్లో బాగుందని తలుస్తాను.

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. ఊరి బళ్లో ఆరో తరగతితో ఆపేశాను. తప్పులుంటే సర్దుకో.

మా అక్క, మీ అమ్మమ్మ, పోయి ఇరవై రెండు రోజులైంది. కుక్క ఇంకా ఆమె కుర్చీ కిందే పడుకుంటోంది. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. మొక్కజొన్న సూప్ ఇద్దరికి సరిపడా కాస్తున్నాను, చేతికి అలవాటు. మిగిలింది కుక్కకి పోస్తున్నాను.

అక్కడ హోటల్లో ఉద్యోగం దొరికిందనీ, రికార్డు మెషీను ఆఫీసుకి ఇచ్చేస్తాననీ, ఇక మన తెగ భాషని రికార్డు చేసే పని చెయ్యననీ రాశావు. తప్పనను. నీకు మీ అమ్మమ్మ మీద కోపం.

జూలైలో నువ్వు ఆ మెషీను తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు నేను పక్కనే కూర్చుని బీన్స్ ఒలుస్తున్నాను. చలికాలపు కథ చెప్పమన్నావు. నేల మీద మంచు ఉంటేనే చెప్పాలే పిల్లా, ఇప్పుడు చెబితే కప్పలొచ్చి నీ పక్కలో పడుకుంటాయి అంది అక్క. నువ్వు ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు గిన్నెలో పోసుకొచ్చి, ఇదిగో అమ్మమ్మా మంచు పడింది, మొదలుపెట్టు అన్నావు. దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ మంచు నా టీలో వెయ్యి, నవంబరులో రా, కథ ఎక్కడికీ పోదు అంది. అని నావైపు చూసింది. నేను బీన్స్ వైపు చూశాను.

ఆస్పత్రిలో మళ్లీ అడిగావు. ఆమె కిటికీలోంచి చూసి, ఇంకా పడలేదు కదే అంది. నీతో అదే ఆఖరు మాట.

అంత్యక్రియల భోజనాలయ్యాక, తెచ్చుకున్న పెద్ద గిన్నె తిరిగివ్వడానికి భాష ఆఫీసుకి వచ్చాను. నువ్వు బోర్డు ముందున్నావు. ఊళ్లో మన భాష వచ్చినవాళ్లు ఎందరో రాసే చోట మూడు తుడిచి రెండు వేశావు. నన్ను చూసి, ఇంకెవరికీ రాని ఆ కథ కూడా పోయింది తాతయ్యా, అమ్మమ్మ పట్టింపుకే పోయింది అన్నావు. నేను గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ పట్టింపు మనందరిదీ. ఐసుముక్కలకి చెప్పి ఉంటే అది ఆ కథ అయ్యేది కాదు. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ఇవాళ పొద్దున మంచు పడింది. చీలమండ దాకా ఉంది, కరిగేలా లేదు. మెషీను ఇంకా ఇచ్చెయ్యకు.

ఇట్లు,
మీ అమ్మమ్మ తమ్ముడు
విర్జిల్

తా.క. బోర్డు మీద రెండు తుడిచి మళ్లీ మూడు వెయ్యి. ఇరవై ఏళ్ల కిందట ఫారం పట్టుకొచ్చినవాళ్లు భాష వచ్చా అని అడిగితే, మర్చిపోయానన్నాను. నలుగురిలో నోరు తెరవాలంటే భయం. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఇంకా భయం. తలుపేసుకున్నాక అక్కా నేనూ మన భాషలోనే మాట్లాడుకునేవాళ్లం. గుమ్మంలో ఎవరిదైనా అలికిడైతే, మర్చిపోయే వేళైందిరా తమ్ముడూ అనేది. జూలైలోనూ ఆస్పత్రిలోనూ బోర్డు దగ్గరా నేను నోరు మూసుకునే ఉన్నాను. ఆ కథ మేం వంతులేసుకునేవాళ్లం, ఒక చలికాలం ఆమె, ఒక చలికాలం నేను. ఈ ఏడు వంతు నాది.