గడపకు రాసిన పసుపు

అవ్వా, నేను బాగున్నాను, పని కూడా ఇంకా ఉంది.

పని కుదిరిన ఇల్లు నిజామాబాద్ పసుపు మార్కెట్ పక్కనే. పొద్దున తుడిచిన బండలు మార్కెట్ దుమ్ముకు మధ్యాహ్నానికి మళ్ళీ పచ్చబడతాయి. ఇంటామె శైలజమ్మ వేలితో రాసి చూసి, "ఇంట్ల పసుపన్నదే కండ్లవడద్దు సింధూజా" అని రోజూ ఒకటే పోరు. నిన్న శుక్రవారం నాకు ఒళ్ళు మండింది. ఏమంటుందో చూద్దామని, ఆమె అప్పుడే గడపకు రాసిన పసుపు కూడా తుడిచేశాను.

"శుక్రారం పూట గడప తుడుస్తవా? సోయున్నదా పిల్లా?"

"పసుపే కండ్లవడద్దంటివి గదమ్మా. ఎంతవరకు నా పనో సక్కగ చెప్పు."

పని పోయిందనే అనుకున్నాను. కానీ ఆమె, "పొద్దున ఒక్కపారి మంచిగ తుడువు, సాలు. ఎన్క వడే దుమ్ముకు నువ్వేం జేస్తవ్" అంది. పసుపు గిన్నె నా చేతిలో పెట్టి, "తుడిసినదానివి నువ్వే రాయి" అంది. రాశాను.

పనిపిల్లతో గడపకు పసుపు రాయించింది. అది కోపమా, మన్ననా? నువ్వేమంటావు?

మేక కాలు నయమైందా? బండల మీది పసుపు మరక దేనితో పోతుందో రాయి. బాపును అడిగానని చెప్పు. వచ్చే శుక్రవారం మన గడపకు నా పేరున కూడా ఇంత పసుపు రాయి.

సింధూజ