దాచిన జ్వరం

మార్చి 9, సోమవారం

అమ్మా, నేను బాగానే ఉన్నాను.

పొద్దున ఆసుపత్రిలో పక్క దులుపుతుంటే నాన్న దిండు కింద జ్వరం మాత్రల అట్ట దొరికింది. ఆరు మాత్రలు అయిపోయాయి. నర్సమ్మ థర్మామీటర్ తెచ్చేలోపే ఒకటి మింగేస్తున్నాడట. రక్త క్యాన్సర్‌కి రెండు మందులు కలిపి ఇచ్చి చూసే పరీక్షలో నాన్నకి చోటు దొరికిందని రాశాను కదా. జ్వరం ఉంటే తీసేస్తారని భయం.

"ఎవరికీ చెప్పకు. నేను బతకాలని ఉందా లేదా నీకు?" అన్నాడు.

ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉండగా ఆ మందులు ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. వెళ్లి డాక్టరమ్మకు చెప్పేశాను. వెంటనే రక్తం తీయించారు. చోటు నిలుస్తుందో లేదో ఆవిడ కూడా చెప్పలేకపోయారు.

"నాలుగు ముక్కలు చదవడం రాగానే నన్నే పట్టిస్తావా?" అని నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. సమ్మతి పత్రం ఆయనకు చదివి వినిపించింది నేనే. ‘ఎప్పుడైనా మానుకోవచ్చు’ అన్న వాక్యం అప్పుడు ఎంతో మర్యాదగా అనిపించింది. ఇప్పుడు నాన్న కోపంలో మానుకుంటానని అంటాడేమోనని భయంగా ఉంది.

ఆ అట్ట సంచిలో పెట్టింది నువ్వేనట. నాకు కోపం లేదమ్మా. ఇంకేమైనా మాత్రలు పెట్టి ఉంటే పక్కింటి పిన్ని ఫోన్ నుంచి వెంటనే చెప్పు. వంటింటి కుళాయి బాగైందా? తమ్ముడు లెక్కలు చేస్తున్నాడా? వాడికి నా ముద్దులు, అత్తయ్యకు నమస్కారాలు.

రేపు ఏడింటికి ల్యాబ్ కిటికీ తెరవగానే రిపోర్టు నేనే తెస్తాను. అందులో ఏమున్నా, నాన్న పక్కన కూర్చుని ముందు ఆయనకే చదివి వినిపిస్తాను.

నీ చిన్ని