ఇనుప గుండుకు తగిలించొద్దు

క్లెమ్, అమ్మను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. వాగు బురదలో దిగబడ్డ మన బండిని లాగడానికి పక్క ఫారం నెవిల్ వస్తాడు. లాగుడు పట్టాను రెండు బండ్లకీ ఛాసిస్‌కు బోల్టులేసి బిగించిన కొక్కేనికే తగిలించండి. ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు మాత్రం వద్దు. మొన్న నువ్వలాగే చేస్తే అది ఊడి, వంటింటి కిటికీలోంచి వచ్చి గొర్రెమాంసం కూరలో పడింది. చూపు సరిగా ఆనని అమ్మ దాన్ని బంగాళాదుంప అనుకుని కొరికి, “ఇది ఇంకా ఉడకలేదే, బెరిల్” అని నాతో అంది. నువ్వేమో “ఆ పళ్లు ముందే కదులుతున్నాయిగా” అన్నావు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

చల్లారిన కూర పొయ్యి మీదుంది.

ఇంకోటి. పట్టా బిగుసుకున్నాక దాని దరిదాపుల్లో నిలబడకు. నీలాంటి మొండిఘటాన్ని మళ్లీ వెతుక్కునే ఓపిక నాకు లేదు.