ఎడమ కనుబొమ్మ

చిరంజీవి పెద్దమ్మాయికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే కనక అందరమూ కులాసా అని రాసినా అబద్ధం కాదు. నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. వేళకు తింటున్నాను. మోకాలు అలాగే ఉంది. స్టూడియో అమ్మేసి మీ దగ్గరికి వచ్చెయ్యమన్నావు. రాను. అల్లుడు మంచివాడే, ఆ సంగతి వేరు. మీ చెల్లెలికి తెలిసిన చిరునామా ఇదొక్కటే. మొన్న తలుపుకి రంగు వేయించాను. పక్క కొట్టు దర్జీ వచ్చి, "ఈసారైనా వేరే రంగు వేయించకూడదూ మాస్టారూ, ఈ నీలం చూసి చూసి నా కళ్ళు కాయలు కాశాయి" అన్నాడు. మళ్ళీ ఆ నీలమే వేయించాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంటి నంబరు మరిచిపోవచ్చు, తలుపు రంగు మరిచిపోదు.

నువ్వు అడిగిన అసలు ప్రశ్నకు జవాబు. సంతకం చెయ్యలేదు.

"ఏడేళ్ళు దాటితే లేనట్టే అని చట్టమే చెబుతోంది నాన్నా, నువ్వు కూడా ఒప్పుకుంటే అందరికీ కాస్త నెమ్మది" అని రాశావు. నీ మీద కోపం లేదు. ఏం జరిగిందో చెబుతాను, ఆ తర్వాత నువ్వే అను.

పోయిన సోమవారం స్టేషన్‌కి పిలిచారు. కొత్త ఇన్‌స్పెక్టర్, ఇంచుమించు నీ వయసువాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. స్టేషన్‌లో టీ ఇస్తే మంచి కబురు కాదని నాకు ఎనిమిదేళ్ళుగా తెలుసు.

"ఒక్క సంతకం మాస్టారూ. ఫైలు మూసేస్తాం."

"పిల్ల దొరికిందా?"

"లేదండీ."

"మరి మూసేదేమిటి?"

పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. "మీ బాధ నాకు తెలుసండీ. పాత ఫైళ్ళన్నీ తేల్చెయ్యమని పైనుంచి ఒకటే పోరు."

"సంతకం పెట్టేవాడు చదివి పెట్టాలి కదా. ఇటివ్వండి."

"మొత్తం చదువుతారా? ఇప్పుడా?"

"కాలేజీ చదువు చదివానండీ. ఎంతోసేపు పట్టదు."

నవ్వి ఇచ్చాడు. ఆ ఫైలు నా చేతికి రావడం అదే మొదటిసారి. పదకొండో పేజీలో ఇలా ఉంది: "బస్ స్టాండు టికెట్ కౌంటర్ ఉద్యోగిని తాను చూశానన్న పిల్లకు మచ్చ ఎడమ కనుబొమ్మ మీద ఉన్నది. ప్రకటనలోని గుర్తుతో సరిపోలేదు. పరిగణించనవసరం లేదు."

ఆ మూడు వాక్యాలూ నా వల్ల వచ్చినవి అమ్మడూ. ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఇదే.

మన చిన్నది, పిచ్చుక, తప్పిపోయిన మర్నాడు ఉదయం, పోస్టర్ కోసం దాని ఫొటో నేనే ప్రింటు వేశాను. నెగటివ్‌కి రెండు వైపులుంటాయి. ఒకటి మెరిసే వైపు, ఒకటి మందు పూసిన వైపు. ఏది కింద ఉండాలో ఈ పనిలో మొదటిరోజే నేర్పుతారు. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు తిరగేసి పెట్టాను. ముఖం అద్దంలో చూసినట్టు అటుదిటుగా వచ్చింది. నా స్టూడియో స్టూలు మీంచి పడి తెచ్చుకున్న ఆ కోత మచ్చ ఈ కంటి మీంచి ఆ కంటి మీదికి వెళ్ళింది.

కింద గుర్తులు రాస్తుంటే మీ అమ్మ పక్కనే నిలబడి ఉంది.

"ఎడమ కనుబొమ్మ మీద మచ్చ అని రాయండి."

"కుడి."

"కాదండీ, ఎడమ. కట్టు కట్టింది నేను."

"ఫొటో నా చేతిలో ఉంది. నీ జ్ఞాపకం కంటే ఇది నయం."

"సరే, ఫొటోల సంగతి మీకే తెలియాలి" అంది.

కుడి అని రాశాను. నువ్వు జ్వరంతో లేవలేకుండా ఉన్నావు. మేమిద్దరమే ఊరంతా అంటించాం. అన్ని గోడల దగ్గర నిలబడి కూడా ఒక్కసారీ ఆ ముఖం వంక తిన్నగా చూడలేకపోయాం. చూసి ఉంటే మొదటి గోడ దగ్గరే తెలిసేది.

ఇరవై మూడో రోజున టికెట్ కౌంటర్ ఆవిడ గుర్తింపు కార్డు ఫొటోకి వచ్చింది. గోడకున్న పిచ్చుక ఫొటో, సరిగ్గా వేసిన పాతది, చూసి ఆగిపోయింది.

"ఈ పాపను నేను చూశానండీ. పోస్టర్లు పడ్డ నాలుగో రోజు. బస్సులో ఎవరో పెద్దావిడ పక్కన కూర్చుని కాళ్ళూపుతోంది. మచ్చ చూద్దామని తొంగి చూస్తే నాలుక బయటపెట్టి వెక్కిరించింది. మచ్చ రెండోవైపు ఉంది కదా, ఇంకో పిల్లేమో అనుకున్నా."

తెర వెనక నుంచి మీ అమ్మ విన్నది. ఆవిడ వెళ్ళాక ఒక్క మాట అంది. "నేను ఎడమ అన్నాను." గిన్నె అందుకుని, "కొత్తవి వెయ్యండి, జిగురు కలుపుతాను" అంది. ఆ తర్వాత ఆరేళ్ళు ఆ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళాను. చెప్పింది. కొత్త పోస్టర్ కూడా ఇచ్చాను. "మరో ఫొటో" అన్నానే గాని, మొదటిది తప్పు అనలేదు. ఫొటోగ్రాఫర్ని కదా, నోరు రాలేదు. వాళ్ళు పాతదాన్నే పట్టుకుని ఆవిడ మాట కొట్టేశారు. నేను నోరు మూసుకున్న ఆ ఒక్క నిమిషం పదకొండో పేజీ అయి కూర్చుంది.

ఆస్పత్రిలో చివరి వారం మీ అమ్మ, "పెద్దదానికి చెప్పండి, అది తన తప్పే అనుకుంటోంది" అంది. చెబుతానన్నాను. రెండేళ్ళయింది.

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ ఆ పది నిమిషాలు రాస్తావు. స్కూలు గేటు దగ్గరికి పది నిమిషాలు ముందు వెళ్ళి ఉంటే చెల్లెలు తప్పిపోయేది కాదు అని. నేను చదివి, మడిచి, సొరుగులో పెట్టి ఊరుకున్నాను. నెగటివ్ తిరగెయ్యడం కంటే అది పెద్ద తప్పు. ఇక ఆ పది నిమిషాలు రాయకు.

మళ్ళీ స్టేషన్ సంగతికి వస్తాను. సంతకం పెట్టమన్న కాగితం వెనక వైపు తెల్లగా ఉంది. దాని మీద ఇదంతా రాశాను. పర్సులోంచి నెగటివ్ తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూపించాను. ఇటొకసారి, అటొకసారి. ఇన్‌స్పెక్టర్ లేచి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఇది ఫైలు మూసే కాగితం కాదే మాస్టారూ."

"కాదు."

"మళ్ళీ మొదటికొస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత ఏం దొరుకుతుందో నేను మాటివ్వలేను."

"మాట అడగలేదండీ. పదకొండో పేజీ సరిచెయ్యమన్నాను."

గురువారం ఆవిణ్ణి పిలిచి మళ్ళీ చెప్పించుకున్నారు. రిటైరైంది. వెక్కిరింత కూడా మరిచిపోలేదు, చేసి చూపించిందట.

చట్టం ఏడేళ్ళంటే అననీ. పిల్ల లేదని సంతకం పెట్టవలసింది లేకుండా పోవడం చూసినవాళ్ళు. చూసిన ఒకే ఒక్క మనిషి అది కాళ్ళూపుతుండగా చూసింది. నేను పెట్టను. నిన్నూ పెట్టనివ్వను.

దీంతోపాటు ఇరవై పోస్టర్లు పంపుతున్నాను. మీ చెల్లెలికి ఇప్పుడు పదిహేడు. అప్పుడు నీకున్న వయసే. నీ పాత ఫొటో పక్కన పెట్టుకుని వయసు కలిపి దిద్దాను. గడ్డం నీది వచ్చింది. ముక్కు మీ అమ్మది అనుకుంటాను. మచ్చ ఒక్కటే ఊహ కాదు. నువ్వు పనిచేసే ఆస్పత్రి ముందు, బస్సులు ఆగే చోట అంటించు. అంటించే ముందు ఒక్కటి మాత్రం చెయ్యి. దాని ముఖం వంక తిన్నగా చూడు. ఏడుపొచ్చినా చూడు. సరిగ్గా ఉందని నువ్వు రాస్తేనే మిగతావి ప్రింటు వేస్తాను. ఈసారి నా ఒక్కడి కన్ను చాలదు.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న