చప్పుడు చేయని ట్యాంకు

నాన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఇవాళ నీ రిమోట్ ట్యాంకు బొమ్మ విప్పాను. అరిగిన ప్లాస్టిక్ చక్రాలు తీసేసి, నువ్వు వేద్దామనుకున్న మెటల్ చక్రాలే వేశాను. వాటికి శనగగింజంత బేరింగులు దుర్గ్ బజార్లో దొరికాయి. కొట్టతను “ఏ గాడీకి దీదీ?” అంటే, “మా నాన్న గాడీకి” అన్నాను.

ఇదివరకు ట్యాంకు బయల్దేరగానే ఆ కీచుచప్పుడికి అమ్మ కాళ్లు పైకి పెట్టేసుకునేది. ఇవాళ వంటింట్లో అది పాదానికి తగిలేదాకా తెలియలేదు తనకి.

“ఏటే ఇది, దొంగలాగ వచ్చీసింది! పాడైపోయిందేటి?” అంది.

ట్యాంకును అమ్మ ఎత్తి పట్టుకుంటే చక్రాలు తిప్పాను. నువ్వు పనిచేసిన ప్లాంటులో మోటార్ల దగ్గర చేసినట్టే, స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ పక్కన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. మన మిక్సీనీ అలాగే వినేవాడివి. “చప్పుడేటీ లేదంటే బాగున్నట్టే తల్లీ” అనేవాడివి.

ఏ చప్పుడూ లేదు. అమ్మ కూడా చెవి పెట్టి వింది. చాలాసేపు వింది.

ఈ ఏడాదంతా నీ దగ్గర్నుంచీ ఏ చప్పుడూ లేదు నాన్నా. బాగున్నావనే అనుకుంటున్నాం.